పదో నెలలో పోసిన టీ

మా ఇంట్లో దయ్యం అన్న మాట ఎత్తితే అమ్మ ఊరుకునేది కాదు. ఆదివారం చర్చికి వెళ్ళడం, మిగతా రోజుల్లో అంబాజీపేటలో నా కుట్టు మిషన్ ముందు కూర్చోవడం, నాకు తెలిసిన లోకం అంతే. ఇప్పటికీ నేను దయ్యాలను నమ్మను. అందుకే ఈ సంగతిని ఏమనుకోవాలో తెలియక రాస్తున్నాను.

మా అక్క సుజాత, తన కూతురు ప్రశాంతిని నా దగ్గర వదిలి గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్ళింది. అక్కడి నుంచి ఆ ఇంటివాళ్ళు తమతో పాటు ఇంకో దేశం తీసుకెళ్ళారు. తొమ్మిదేళ్ళు వాళ్ళ దగ్గరే చేసింది. ఆ నగరంలో యుద్ధం మొదలైన రెండో నెలలో అక్క చనిపోయింది. గుండె ఆగిపోయిందని కాగితంలో రాశారు.

అక్క ఉన్న పెట్టె మా ఊరు చేరేసరికి ఇరవై రోజులు దాటింది. పిల్లకు చూపించొద్దని పెద్దలు అన్నారు. పాస్టరమ్మగారు, నేను మాత్రమే చూశాం. ముఖం నల్లబడింది. అయినా అక్కే. ఎడమ చెవి తమ్మె చీలి ఉంది. చిన్నప్పుడు ఆ చెవి జూకా పట్టుకుని లాగింది నేనే.

నాకు ఏడుపు రాలేదు. ఆ సాయంత్రమే సమాధి చేశాం. మర్నాడు ఎవరివో పెళ్ళి జాకెట్లకు హుక్కులు కుట్టాను.

ప్రశాంతి ఇప్పుడు అమలాపురంలో డిగ్రీ చదువుతోంది. ఆ నగరం గురించి ఏ వీడియో వచ్చినా చూస్తుంది. పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం నా కుట్టు కొట్టుకు వచ్చి, ఫోన్‌ను మిషన్‌కు ఆనించి ఒక డాక్యుమెంటరీ పెట్టింది. అందులో బాంబులు పెద్దగా లేవు. రొట్టెల కోసం జనం వరసలో నిలబడ్డారు. మంగలి టార్చిలైటు వెలుగులో గడ్డం గీస్తున్నాడు. పిల్లలు మెట్ల మీద కూర్చుని లెక్కలు చేస్తున్నారు. యుద్ధం మొదలై పది నెలలైందని కింద అక్షరాలు పడ్డాయి.

తరవాత ఒక వంటగది. ఒకామె గ్లాసుల్లో టీ పోస్తోంది. మాట్లాడుతోంది గానీ, పైన సంగీతం వల్ల వినపడటం లేదు. గిన్నె దించడానికి వంగినప్పుడు తలగుడ్డ జారింది. ఎడమ చెవి. తమ్మె చీలి ఉంది.

ప్రశాంతి వీడియో ఆపింది. నా కాలు పెడల్ తొక్కుతూనే ఉంది.

"పిన్నీ, ఆ రోజు నువ్వు సరిగ్గా చూసేవా?" అంది.

"చూసేనమ్మా."

"అమ్మేనా?"

"అమ్మే."

నమ్మిందో లేదో తెలియదు. మర్నాడు పాస్టరమ్మగారిని కూడా వెళ్ళి అడిగింది. ఆవిడా అదే చెప్పారు.

పాత వీడియో ఏదైనా కలిపి ఉంటారని నేను అన్నాను. ప్రశాంతి ఆ సినిమా తీసినవాళ్ళకు ఇంగ్లీషులో ఉత్తరం పెట్టింది. నెల తరవాత జవాబు వచ్చింది. అది పదో నెలలో తీసిందేనట. వాళ్ళు మెట్లు దిగుతుంటే ఆమె తనంతట తానే పిలిచి టీ ఇచ్చిందట. ఆమె భాష వాళ్ళకు అర్థం కాలేదట. సంగీతం కలపని ముక్కను కూడా పంపించారు.

ఇద్దరం ఫోన్ దగ్గరకు వంగి విన్నాం. గ్లాసుల చప్పుడు. ఎక్కడో దూరంగా ఏదో పేలింది. ఆమె చెయ్యి ఆగలేదు.

"పంచదార సరిపోయిందాండీ? ఇంకొంచెం వెయ్యమంటారా?"

అది అక్క గొంతు.

ఆ నగరంలో మన వైపు ఆడవాళ్ళు ఇంకా ఎవరైనా ఉండొచ్చు. చెవి చీలినవాళ్ళూ ఉంటారు. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నాను. మేం సమాధి చేసింది అక్కనే. ఆ గొంతూ అక్కదే. రెండూ నిజం ఎలా అవుతాయో ఈరోజుకీ నాకు తెలియదు.

ప్రశాంతి నన్ను అడగడం మానేసింది. పోయిన వారం పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టింది. ఫీజు డబ్బు మిషన్ సొరుగులోంచి నేనే తీసి ఇచ్చాను.