బాల యేసు తొట్టిలో వరిగడ్డి

ఈరోజు రూపనగుడి రోడ్డులో వరిగడ్డి ట్రాక్టర్ ఒకటి నా ముందు పోయింది. ఆ వాసన తగలగానే బండి పక్కకు ఆపేశాను!

ఒరేయ్ మన చర్చి పిల్లలూ, క్రిస్మస్‌కి ముందు వారాల్లో, ఆగమన కాలం పోటీ గుర్తుందా? చర్చిలో వీధికొక చెక్క తొట్టి. పేదవాళ్లకు ఒక మేలు చేస్తే మన తొట్టిలో పిడికెడు గడ్డి. ఏ వీధి తొట్టి బాగా నిండితే వాళ్లే క్రిస్మస్‌కి బాల యేసు బొమ్మను అందులో పడుకోబెట్టాలి. మైనింగ్ జోరుగా ఉన్న రోజులవి. లారీలు లేపే ఎర్రదుమ్ములో బియ్యం, పాత స్వెటర్లు మోసుకుని ఎంత ఉరికామో! మన తొట్టి పొంగిపొర్లింది.

చివరి ఆదివారం గని కూలీల గుడారంలో నెలల పాప ఉత్త గోనెసంచి మీద వణుకుతూ కనిపించింది. మన మేరీ ఒక్క మాటే అంది: "గడ్డి యాడుండాదో తెలుసు కదా, పాండి!"

చర్చికి ఉరికి మన తొట్టి ఊడ్చేశాం. సరిగ్గా అప్పుడే ఫాదర్ వచ్చారు.

"ఏంది, ఒక్క పోచా మిగల్లేదే?"

"గుడారంలో పాపకి చలి పెడతాండాది ఫాదర్."

పోటీ పోయిందనుకున్నాం. ఫాదర్ పక్క వీధి తొట్టిలోని గడ్డి కూడా ఎత్తి మేరీ చేతుల్లో పెట్టారు.

"ఇదీ తీస్కపో. చలి జాస్తి ఉండాది."

ఆ క్రిస్మస్‌కి బాల యేసు మన ఖాళీ తొట్టిలో, ఉత్త చెక్క మీదే పడుకున్నాడు. ఆయన్ని పడుకోబెట్టింది ఎవరో గుర్తుందా? చంకలో పాపతో వచ్చిన ఆ గుడారం తల్లి!