మా క్లబ్బు కాఫీ చరిత్ర

పదిహేనేళ్ల కిందటి మాట. రాయపూర్‌లో రైల్వే వ్యాగన్లు బాగుచేసే కార్మికులుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా ఫుట్‌బాల్ క్లబ్బు మైదానాన్ని పార్కింగుకి ఇచ్చేస్తామన్నారు రైల్వేవాళ్లు. క్లబ్బుకి ఘనచరిత్ర ఉంటే వదిలేస్తామని పెద్దాఫీసరు మెలిక పెట్టారు. మాకున్నదల్లా ఏటా ఓడిపోయిన చరిత్ర. క్లబ్బు సెక్రటరీ అయిన మావారు, బ్రెజిల్‌లో ఏదో చిన్న ఊరి రైల్వే కార్మికుల క్లబ్బు చరిత్రని ఇంటర్నెట్‌లోంచి దించి, ఊరి పేరు మాత్రం మార్చారు. నాకు హిందీ బాగా వచ్చని సభలో నాచేత చదివించారు.

"మన కాఫీ తోటల యజమానులే మొదటి బంతి కొనిచ్చారు" అన్న మాట నోట్లోంచి వచ్చాక గానీ నాకు వెలగలేదు. చదవడం అక్కడే ఆపేశాను.

"రాయపూర్‌లో కాఫీ తోటలా?" ఆఫీసరు కళ్లద్దాలు సవరించుకున్నారు.

రిటైరైన ఫిట్టరు అప్పలస్వామి బాబాయి లేచాడు. "జీ సాబ్! వో కాఫీ హమ్ భీ పియా హై!" అని, ఆ కాఫీ తనూ తాగినట్టు సాక్ష్యం చెప్పి, నావైపు తిరిగి, "సదువమ్మా, ఆగిపోనావేటి?" అన్నాడు. పెద్దలంతా గంభీరంగా తలలూపారు. ఆఫీసరు చప్పట్లు కొట్టారు. మైదానం దక్కింది.

ఇప్పుడు మా కుర్రాళ్లు మ్యాచ్ ముందు టీ ముట్టరు. క్లబ్బు సంప్రదాయమంటూ కాఫీయే తాగుతారు. తాగి, మా అసలు సంప్రదాయం ప్రకారం ఓడిపోయి వస్తారు.