పెద్దమ్మ తాగిన ఎర్రనీళ్లు

నచ్చనిదాన్ని మన మొహం చూసి మింగే మనిషి నిజంగా మింగిందో లేదో ఎట్లా తెలుస్తుంది? కొన్ని నెలలుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది. మొన్న ఆషాఢంలో చౌటుప్పల్ నుంచి తమ్ముడు, అంటే మా పెద్దమ్మ కొడుకు, ఫోన్ చేసి అమ్మ దవాఖానలో పోయిందన్నడు. కన్నీళ్లకంటే ముందు నోట్లోకి ఓ తీపి కంపు వచ్చింది. క్రాన్‌బెర్రీ అనే ఎర్ర సీమపండు రసం కంపు.

పెద్దమ్మ గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, గుంట మగ్గం మీద చీరలు నేసిన మనిషి. నా ఉద్యోగం మొదటి రోజుకు ఆమె నేసిచ్చిన చీర ఇప్పటికీ రంగు వదల్లేదు. ఆమెకు షుగర్ ఉండేది, తరచూ మూత్రంలో మంట వచ్చేది. నాలుగేండ్ల కింద నేను ఎక్కడో చదివి, ఓ సీసా ఆ రసం, ఓ పొట్లం ఎండు పండ్లు పట్టుకపోయిన. సి విటమిన్ ఉంటదని, మంట మళ్లీ మళ్లీ రాకుండా కాస్తదని కాలేజీలో నా పిల్లలకు పాఠం చెప్పినట్టే చెప్పిన. ఆమె ఓ పండు నమిలింది.

"చక్కెరల నానబెట్టిన తోలు లెక్కుంది బిడ్డా. మన వాక్కాయకేమొచ్చింది?"

తర్వాత నా మొహం చూసి, సరే తాగుత తియ్యి, అంది.

ఆమె వండే వాక్కాయ పప్పు తింటే దవడలు జివ్వుమనేవి. పులుపును పులుపుగానే తినాలనేది. నేను మోసుకపోయిన పండు కూడా పుట్టుకతో అంత పుల్లనిదే. జనం ఓర్వరని దానికి చక్కెర పాకం పట్టించి అమ్ముతరు. ఆ సంగతి సీసా వెనక చిన్నక్షరాల్లో ఉంది. నేను చదివింది ఆమె పోయినంక. షుగర్ మనిషికి నాలుగేండ్లు అదే తెచ్చి పోసిన. అసహ్యం ఆ సీసా మీద కొంత, నా చదువు మీద చాలా.

అమ్మేటోని మాట మీద ఆమె ఏ రంగునూ నమ్మేది కాదు. నూలు పోగు ఆ రంగులో ముంచి, ఆరబెట్టి, తడి బొటనవేలితో రుద్ది చూసేది. "నీళ్లల్ల నిలవని రంగు నా మగ్గమెక్కదు" అనేది. అట్లాంటిది నా సీసాల్ని మాత్రం మారుమాట లేకుండా తీసుకునేది. నేను పోయినప్పుడల్లా ఖాళీవి కడిగి వరుసగా పెట్టి ఉండేవి.

చివరికి చలిజ్వరం వచ్చింది. దవాఖానకు పొమ్మని ఫోన్లో చెప్పిన.

"నువ్వు తెచ్చింది తాగుతనే ఉన్న గదా, ఫికర్ చెయ్యకు."

ఆ మాటకు నేను సంతోషపడ్డ. గట్టిగ అడగలేదు. మూడో రోజు తమ్ముడు బలవంతంగా తీసుకపోయేసరికి ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పోయింది. ఆమె పోయిందని ఫోనొచ్చి నేను పోయినంక, వచ్చిన రోగాన్ని ఆ రసం తగ్గించదని అక్కడి డాక్టరమ్మ చెప్తుంటే నేల చూసిన.

దినాలయినంక మగ్గం గుంట ఊడుస్తుంటే ఓ స్టీలు గిన్నె దొరికింది. అడుగున నా రసం కంపుతో జిగట, దాంట్లో చచ్చిన చీమలు. పక్కన కొయ్యకు ఓ నూలు చిలప, అంటే పోగుల చుట్ట, వేలాడుతోంది, సగం దాకా ఆ రసంలో ముంచినట్టు వెలిసిన గులాబీ రంగు. తడి బొటనవేలితో రుద్దిన. రంగు వేలికంటింది.

ఎంత తాగిందో, ఎంత ఈ గిన్నెలో పోసిందో. తాగితే నా చక్కెరే ఆమెను తిన్నట్టు. పారబోస్తే, దవాఖాన తప్పించుకోవడానికి నన్ను అడ్డం పెట్టుకున్నట్టు. ఏది నిజమో తేల్చుకోలేకపోతున్న. ఏది నిజం కావాలని ఉందో అది కూడా. చిలప నా బీరువాలో ఆమె నేసిచ్చిన ఆ చీర పక్కనే ఉంది. ఉతకలేదు.