వెన్న మీద గ్లాసు నీళ్లు

గ్లాసు బాబాయి గుర్రం మీద వెళుతుంటే వీధిలోవాళ్లు ముందు గ్లాసుకేసి చూస్తారు. ఆ తర్వాత గుర్రాన్ని చూస్తారు. ఇంకా తీరికుంటే ఆయన్నీ చూస్తారు. ఎడమచేతిలో పగ్గాలు, కుడిచేతిలో అంచుదాకా నీళ్లు పోసిన గాజుగ్లాసు, ఆ గ్లాసెవరిదో తనకు తెలియనట్టు మొహంలో ఒక బింకం. పెళ్లికి ముందునుంచీ ఇదే కొలువు కావడంతో ఆయన అసలు పేరు జనం మరిచిపోయారు. ఇంటావిడకు గుర్తుంది కానీ, ఆవిడ దాన్ని కోపం వచ్చినప్పుడే బయటికి తీస్తుంది.

ఆయన పనిచేసే లాయంలో ఉన్నవన్నీ మెత్తనడక గుర్రాలు. మామూలు గుర్రం జోరందుకుంటే మీదున్నవాణ్ణి ఎగరేసి పట్టుకుంటూ పోతుంది. దిగాక ఆ మనిషి తన పళ్లన్నీ ఉన్నాయో లేదో తడిమి చూసుకుంటాడు. మెత్తనడక గుర్రం పుట్టుకతోనే వేరు. నాలుగు కాళ్లూ ఒకదాని వెనక ఒకటిగా, టకటకటకటకమని విడివిడిగా వేస్తుంది. ఎంత వేగంగా పోయినా ఏదో ఒక కాలు నేలమీద ఉంటుంది కనుక వీపు కదలదు. నడుంనొప్పివాళ్లు, బస్సెక్కితే కడుపులో తిప్పేవాళ్లు, కొత్తగా కుట్లు పడ్డవాళ్లు ఈ గుర్రాల మీదే ఊళ్లో పనులు చక్కబెట్టుకునేవారు.

ఆ లాయానికి బోర్డు లేదు. వెన్నే బోర్డు. వెన్న అంటే పాలరంగు ఆడగుర్రం. దాన్ని బేరాలకు పంపరు. రోజూ ఉదయం బాబాయి దాని మీద గ్లాసు పట్టుకుని వీధి చివరిదాకా పోయి రావాలి, అది చూసి జనం రావాలి. గేటు దగ్గర గ్లాసు నింపేది యజమాని. తిరిగొచ్చాక దాన్ని కంటికెదురుగా పెట్టుకుని చూసేదీ ఆయనే. మిగతా గుర్రాలకూ అప్పుడప్పుడూ ఇదే పరీక్ష. నీళ్లు తగ్గాయా, ఆ గుర్రం మర్నాడు ఇటుకబట్టీలో బండి లాగాల్సిందే. అందులో మొహమాటం లేదు. విచిత్రమేమిటంటే, ఆ యజమాని జన్మలో గుర్రమెక్కలేదు. ఎక్కితే కళ్లు తిరుగుతాయి. మెత్తదైనా అంతే, నిలబడి ఉన్నదైనా అంతే. గుర్రాల గురించి ఆయనకు తెలిసిందల్లా గ్లాసు.

రెండేళ్ల కిందట ఒక ఉదయం బాబాయి చొక్కా మణికట్టు దగ్గర తడిసింది. చెమటేమో అనుకున్నాడు. మర్నాడు మోచెయ్యిదాకా తడిసింది. చెమటకు ఇంత పట్టుదల ఉండదని అప్పుడు అర్థమైంది. వెన్న వీపు కుదుపుతోంది. ఎక్కువేం కాదు, కానీ గ్లాసుకు ఎక్కువతక్కువలు తెలియవు కదా.

వెన్న పిల్లగా లాయానికొచ్చినప్పుడు దానికి మొదటి కళ్లెం పెట్టింది బాబాయే. దాని చెవి వెనక ఎక్కడ గోకితే కింది పెదవి వేలాడేస్తుందో ఆయనకొక్కడికే తెలుసు. పిల్లాజెల్లా లేని ఇంట్లో సాయంత్రం కబుర్లన్నీ దాని గురించే. అలాంటిదాన్ని ఇటుకల బండికి కట్టడమనేది ఆయన ఊహకు అందలేదు. అందుకని గుర్రం చేయలేని పని తన చేత్తో చేయసాగాడు. వెన్న పైకి లేస్తే మోచెయ్యి కిందికి, వెన్న దిగితే మోచెయ్యి పైకి. కుదుపంతా భుజంలో కొంత, మోచేతిలో కొంత, మిగిలింది మణికట్టులో మింగేసేవాడు. గ్లాసు మాత్రం గాల్లో మేకు కొట్టి వేలాడదీసినట్టు నిలబడేది. యజమాని రోజూ చూసి, బాగుంది అని తలూపేవాడు.

ఇలాంటి విద్య ఒంట్లోకి చేరితే గేటు దగ్గర దిగబెట్టి రావడం కుదరదు. బాబాయి మెట్లు దిగుతుంటే తల కదలడం మానేసింది. వంటింట్లోంచి చారు గిన్నె తెస్తే అందులోని నూనెచుక్క కూడా చెదిరేది కాదు. ఇంటావిడ దర్జీపని చేస్తుంది, కొలతలు చూసే కన్ను. ఒకరోజు మిషను ఆపి ఆయన గది దాటడం రెండుసార్లు చూసింది.

"మీరు నడుస్తున్నారా, ఎవరైనా తోస్తున్నారా?" అని అడిగింది.

దాంతో ఆయన కక్కేశాడు. ఆవిడ తిడుతుందనుకుంటే తిట్టలేదు. వెన్నను బట్టీకి పంపేమాటైతే ముందు మిమ్మల్ని పంపాలి, దానికంటే మీరే బరువు లాగుతారు, అని ఆయన బొజ్జకేసి చూసి మళ్లీ మిషను తొక్కుకుంది. ఆ బొజ్జ గత కొన్నేళ్లలో ఆవిడ చేతి వంటకు నమ్మకంగా పెరిగింది.

నాడాలు కొట్టే మేస్త్రిని కూడా చాటుగా పిలిచి చూపించాడు బాబాయి. మేస్త్రి నాలుగు గిట్టలూ ఎత్తి చూశాడు, తట్టాడు, వాసన చూశాడు. కాళ్లు నిక్షేపంలా ఉన్నాయన్నాడు. వయసు మీద పడ్డ గుర్రం కదా, మీదున్నదేమైనా మార్చి చూడమన్నాడు. బాబాయి జీను మార్చాడు. జీనుకింద దుప్పటీ మార్చాడు. కుదుపు మారలేదు.

ఎలాగో నెట్టుకొస్తుండగా ఒకరోజు యజమాని గేటు దగ్గర పిడుగులాంటి మాట చెప్పాడు. వాళ్లమ్మ ఇకనుంచి వారానికోసారి తన చెల్లెలింటికి గుర్రం మీద వెళ్తుందట. ఆ పెద్దమ్మగారు అంతకుముందు సంవత్సరం స్నానాలగదిలో జారిపడి నడుం దెబ్బ తగిలించుకుంది. అప్పటినుంచి కొడుకు ఆవిడను మేడమీద గది దాటనివ్వలేదు. ఎన్నాళ్లు పోరు పెట్టిందో గానీ, చివరికి ఒక షరతు మీద ఒప్పించింది. వెన్నైతేనే పంపుతానన్నాడు కొడుకు. వెళ్లేటప్పుడు చేతిలో గ్లాసు ఉండాలి. నీళ్లు తొణికితే వెన్న బట్టీకి, అమ్మ మేడమీదికి.

పెద్దమ్మగారి మోచెయ్యికి బాబాయి విద్య రాదు కదా. ఇక మిగిలింది ఒకటే దారి, వెన్నకు దాని నడకే మళ్లీ నేర్పడం. మర్నాడు మధ్యాహ్నం లాయం వెనక పెరట్లో వెన్నను కట్టేసి, దాని ఎదుట చేతులూ మోకాళ్లూ నేలకానించాడు. ఎడమకాలు, ఎడమచెయ్యి, కుడికాలు, కుడిచెయ్యి, ఇలా విడివిడిగా వేస్తూ పెరడంతా తిరిగాడు. వరస తప్పుతుందేమోనని ఇంటావిడను తీసుకొచ్చాడు. ఆవిడ ఆయన నడుం మీద నీళ్లగ్లాసు పెట్టి పక్కనే నడుస్తూ టక, టక, టక, టక అని చెప్పింది. ఒక్క చుక్క తొణకలేదు. గోడమీంచి చూస్తున్న పక్కింటాయన చప్పట్లు కొట్టి, దీన్ని ఎంతకిస్తారని అడిగాడు. వెన్న గడ్డి నములుతూ అంతా చూసింది. మధ్యలో ఒకసారి ముందుకు వంగి గ్లాసులోని నీళ్లు తాగింది. అంతకుమించి నేర్చుకున్నదేం లేదు.

ఆ రోజు రానే వచ్చింది. పెద్దమ్మగారు స్టూలెక్కి, బాబాయి భుజం పట్టుకుని జీను మీద కూర్చుంది. యజమాని గ్లాసు నింపి చేతికిచ్చాడు. బాబాయి పగ్గం పట్టుకుని నడవసాగాడు. మొదటి కుదుపుకే ఆవిడ చీర తడిసింది. రెండో కుదుపుకు బాబాయి నెత్తి తడిసింది. ఆయన వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేక, వానలో వెళుతున్నవాడిలా తల వంచుకుని నడిచాడు. గేటు కనుమరుగయ్యేసరికి గ్లాసులో మిగిలింది ఒక గుక్క. దాన్ని పెద్దమ్మగారు తాగేసింది.

"అక్కడ ఆపవయ్యా," అంది. మలుపు దాటాక కొంతదూరంలో ఉన్న వీధి కుళాయి చూపించి.

బాబాయికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గ్లాసుకేసీ కుళాయికేసీ మార్చి మార్చి చూశాడు. ఇన్నేళ్లుగా ఆ లాయంలో ఎన్ని గుర్రాలు బట్టీకి పోయాయో. ఎంతమంది రౌతులు తడిసిన చొక్కాలతో ఏడుస్తూ ఆ కుళాయి పక్కనుంచే వెళ్లారో. ఒక్కడికీ ఆ ఊహ రాలేదు. గ్లాసంటే వాళ్లకు అంత భక్తి. బాబాయి లెక్కలో కుదుపును చేత్తో మింగడం పనితనం, కుళాయి తిప్పడం దొంగతనం.

"పెద్దమ్మగారూ, అది మోసమండీ," అన్నాడు.

"మరి ఇన్నాళ్లనుంచీ నువ్వు చేసేదేంటి? ఏడాదిగా ఆ మేడమీద కూర్చుంటే కిటికీలోంచి నాకు కనపడేదేముంది? నువ్వూ, నీ మోచెయ్యీ."

పెద్దమ్మగారు గ్లాసు కిందికి చాపింది.

"దాని నడక పోయిందని నువ్వు చెప్పలేదు. నా నడుం పోయిందని నేను చెప్పను. పట్టు."

ఆయన పట్టాడు. కుళాయి దగ్గర, తన చేత్తో, మొదటిసారి నిజంగా తొణికించాడు. తిరుగు ప్రయాణంలో గేటు మలుపు తిరిగేముందు ఇంకోసారి నింపుకోవాల్సి వచ్చింది. మంగలి తన షాపులోంచి చెంబు అందించాడు. యజమాని గ్లాసు కంటికెదురుగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. తాను పోసినదానికంటే కాస్త ఎక్కువే ఉన్నట్టుంది. కాసేపు ఆలోచించి, మంచి గుర్రమైతే అలాగే ఉంటుందని తేల్చుకున్నాడు. అమ్మను ఎలా ఉందని అడిగితే, పరుపు మీద పడుకున్నట్టుందని చెప్పింది. గ్లాసులో నీళ్లు పెరిగాయన్న సంగతి ఊళ్లో పాకి, మర్నాడు ఒకాయన సగం గ్లాసు పాలతో లాయానికొచ్చి, వెన్న మీద ఒక్కసారి తిప్పి ఇమ్మని బతిమాలాడు.

వారం వారం అదే తంతు. నిజం వీధి మొత్తానికి తెలుసు, యజమానికి తప్ప. మంగలి చెంబు సిద్ధంగా పెట్టుకునేవాడు. పెద్దమ్మగారు గుర్రం మీద పళ్లు బిగబట్టుకుని కూర్చునేది, చెల్లెలింట్లో మాత్రం గడప దాటకముందే నవ్వడం మొదలుపెట్టేది. ఆ నవ్వు కోసం ఆవిడ ఎంత ఓర్చుకుంటోందో బాబాయికి తెలుసు. దిగేటప్పుడు తన భుజం మీద పడే ఆవిడ చెయ్యి వారం వారం బరువెక్కుతోంది. ఆయనకు రాత్రి అన్నం సయించడం లేదు. బొజ్జ మాత్రం తగ్గలేదు, అది వేరే సంగతి.

ఒక వారం తిరిగొస్తుండగా, కుళాయి ఇంకా రాకముందే, పెద్దమ్మగారు ఇక నావల్ల కాదంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. బాబాయి ఆవిడను మెల్లగా దింపాడు. నొప్పి కాస్త తగ్గేదాకా నడుద్దామంది. గ్లాసు ఎక్కడ పెట్టాలో తోచక, కుళాయి దగ్గర నింపి, ఖాళీ జీను మధ్య గుంటలో ఉంచాడు. ఎలాగూ పోయే నీళ్లే కదా అనుకుని పగ్గం వెన్న మెడ మీద వేశాడు. ఇంటిదారి తెలిసిన గుర్రం, తనంతట తనే కదిలింది.

టకటకటకటక.

బాబాయి ఆగిపోయాడు. తప్పు విన్నానేమో అనుకున్నాడు. తప్పు కాదు. ఖాళీ వీపుతో వెన్న దాని పాత నడకే నడుస్తోంది. నాలుగు కాళ్లూ విడివిడిగా, తల నిబ్బరంగా. జీను మీద గ్లాసు బల్లమీద ఉన్నట్టుంది. లాయంలో గుర్రాన్ని పట్టుకుని నెమ్మదిగా నడిపించడమో, ఎక్కడమో తప్ప, ఇలా దానిమానాన దాన్ని ఎవరూ వదలరు. మీదున్నదేమైనా మార్చి చూడమన్నప్పుడు మేస్త్రి చెప్పింది జీను గురించి కాదని అప్పుడు తెలిసింది.

"ఏమైందయ్యా?" అంది పెద్దమ్మగారు, ఆయన కళ్లు తుడుచుకోవడం చూసి.

"నేనేనండీ."

"ఏంటి నువ్వు?"

"కుదుపు. ఇన్నాళ్లూ దానికి బరువైంది నేనేనండీ. ఈ వయసులో ఇక ఎవరెక్కినా దానికి బరువే. దాని నడక ఎక్కడికీ పోలేదు."

పెద్దమ్మగారు వెన్న వెళ్లేవైపు చూసింది. తర్వాత తన కాళ్లవైపు చూసుకుంది. గుర్రమెక్కడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఇంతదూరం నొప్పి లేకుండా రావడం ఇదే మొదటిసారి. మంగలి చెంబు పట్టుకుని బయటికొచ్చి, అవసరం లేదని తెలిసి, ఏం చేయాలో తోచక తన మొహం కడుక్కున్నాడు. చివరి మలుపు దగ్గర బాబాయి ఆవిడను మళ్లీ ఎక్కించడానికి చెయ్యి చాపాడు. గేటు దగ్గర కొడుకు ఉంటాడు, నడిచొస్తే చూస్తాడు.

"వద్దులే. దాన్ని అలాగే పోనివ్వు," అంది.

వెన్న ముందు, జీను మీద గ్లాసు, వెనక ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఇద్దరూ. యజమాని గేటు దగ్గర నిలబడే ఉన్నాడు. వెన్న వచ్చి ఆయన ముందు ఆగింది. ఆయన జీను మీంచి గ్లాసు తీసుకుని, కంటికెదురుగా పెట్టుకుని, వెలుతురుకేసి తిప్పి తిప్పి చూశాడు. నిండుగా ఉంది. బాగుంది అని తలూపి, గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. తల్లి నడిచొచ్చిందని ఆయన చూడనే లేదు.

పెద్దమ్మగారు కొడుకు వెళ్లినవైపు కాసేపు చూసింది. తర్వాత వెన్న చెవి వెనక, బాబాయి చూపించిన చోట, గోకింది. వెన్న కింది పెదవి వేలాడేసింది.

"రేపు కూడా రా," అంది బాబాయితో. "వారానికోసారేంటి, నడవడానికి."