బండి తోలే కార్టరయ్య

అరవయ్యో దశకం మొదట్లో గుంటూరు నుంచి నల్గొండ జిల్లాకు ఇంగ్లీషు మాస్టారుగా వచ్చాను. కేతేపల్లిలో బస్సు దిగి, బడి ఉన్న ఊరికి ఎడ్లబండి ఎక్కాను. తోలేది ఒక ముసలాయన. పేరడిగాను. ఎడ్ల వైపు చూస్తూ నెమ్మదిగా “కార్టరయ్య” అన్నాడు.

నేను సరిగా వినలేదేమో అనుకున్నాను.

“కడుపుల అడ్డం తిరిగిన్నట సారూ. దవాఖాన తెల్లదొర మా అమ్మను, నన్ను బతికిచ్చిండు. అమ్మ నాకు ఆయన పేరే పెట్టింది. అందరి పేర్లల్ల దేవుడుంటడు. నా పేర్ల ఎవలున్నరో ఎరుక లేదు. ఊరోళ్లు నవ్వుతరు.”

“అది ఆ దొర ఇంటిపేరు” అన్నాను. “ఇంగ్లండులో పూర్వం బండి తోలేవాళ్లను కార్టర్ అనేవారు. వాళ్ల పిల్లలు ఆ పని మానేసినా, ఏ దేశం పోయినా, ఆ పేరు మాత్రం వెంట పోయింది.”

ఆయన పగ్గాలు బిగబట్టాడు. బండి ఆగింది.

“అంటే దొర తాతలు గూడ మా లెక్కనే బండి తోలిన్రా?”

“తోలారు.”

మళ్లీ ఎడ్లను అదిలించాడు. తర్వాత తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, “అమ్మ తెల్వకనే పెట్టింది సారూ. గని నా పేరే పెట్టింది” అన్నాడు.

బడి ఉన్న ఊరి పొలిమేరలో ఎవరో “బండి ఎవలది?” అని కేకేశారు.

“కార్టరయ్యది!” అన్నాడు, ఎడ్లు ఉలిక్కిపడేంత గట్టిగా.