నక్షలో రెండు తెగిన గీతలు

బషీరాబాద్ దగ్గర మా అక్కకు మూడెకరాల కంది చేను ఉంది. పోయినేడు కోతల ముందు పక్క చేనాయన తన గట్టు మీద ముళ్లకంచె వేశాడు. అంతకుముందు ఆయన తండ్రి, కోతయ్యాక బళ్లను తన చేనులోంచి పోనిచ్చేవాడు. అది మాట మీద నడిచిన దారి, కాగితం లేదు. ఆ దారి మీదా టమాటా వేశాడు. ట్రాక్టర్ రాకపోతే అక్క కంది కాయ పగిలి చేనులోనే రాలిపోతుంది.

నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. మిగతా చదువంతా వికారాబాద్‌లో లైబ్రరీ బల్ల దగ్గరే. అక్కడ అల్మారా అడుగున డెబ్బై ఏళ్ల నాటి బషీరాబాద్ నక్ష ఒకటి చూసిన గుర్తు. పోయి విప్పాను. గోధుమరంగు గీతలు నేల ఎత్తులు చెప్పేవి. తెగినట్టు పక్కపక్కన సాగే రెండు ఎర్ర గీతలు బండ్ల బాట. ఆ బాట పక్క చేనులోంచి కాదు, వాగు ఒడ్డు వెంట అక్క చేను వెనక్కి పోతోంది! రైలు గేటుకు అరంగుళం దూరంలో రోడ్డు నుంచి చీలుతోంది. ఫోన్లో ఫోటో తీసుకున్నాను.

పాత బాట చూపిస్తానని ఆదివారం అక్కను, పక్క చేనాయనను వెంటబెట్టుకుని పోయాను. గేటు నుంచి అర కిలోమీటరు నడిచి, తుమ్మల్లో గంటసేపు వెతికాం.

"ఏం లైబ్రరీ సారూ, బాట దొరికిందా? నాకైతే ముండ్లు మస్తు దొరికినయ్," అన్నాడాయన, కాల్లో ముల్లు పీక్కుంటూ.

"ఊకో తమ్మీ, ఇగ పోదాం," అంది అక్క.

ఫోటోలో నక్ష అంచున ఉన్న కొలతను పెద్దది చేసి చూశాను. అంగుళానికి మైలు! నేను కిలోమీటరు అనుకున్నాను. ఇంకో మూడు వందల మీటర్లు నడవాలి.

అక్కడ తుమ్మల కింద నాపరాయి బండ. చెప్పుతో మట్టి గీకితే రాతిలో రెండు గాడులు బయటపడ్డాయి, బండి చక్రాల ఇనుప పట్టాలు అరగదీసినవి. ఆయన గొంతుక్కూర్చుని గాడిలో చెయ్యి పెట్టాడు.

"మా తాత బండి గూడ గీడికెల్లే పోయుంటది. అక్కా, పంచాయతీల చెప్పి జేసీబీ నేనే పిలుస్త."

"కంచె ఏసి పదిహేను రోజుల సంది నాతోని ఎందుకు మాట్లాడకపోతివి?" అంది అక్క.

"నీ బాట బంద్ జేసి ఏం ముఖం పెట్టుకొని మాట్లాడాలె?"

ఆ వారమే ట్రాక్టర్ బండ మీదుగా కుదుపుకుంటూ చేనులోకి దిగింది. అక్క కంది కట్టలు అందిస్తూ నావైపు చూసి నవ్వింది.

"గన్ని బుక్కులు సదివితివి. గా మైలు లెక్క ముందుగాల సూస్కోకపోయినవ్?"