అత్తయ్య దగ్గర ఏదీ ఉండదు

మా అత్తయ్య దగ్గర ఏదీ ఉండదు. పాతికేళ్లుగా విడాకుల కేసులు చూస్తున్న వకీలు, బల్లమీద ఒక్క గుండుసూది ఉండదు. జిగురుండదు, ట్యాగుండదు, నల్ల సిరా ఉండదు. విడాకులంటూ ఎవరైనా వచ్చి కూర్చున్నారో లేదో, ఆవిడకి ఏదో ఒకటి అయిపోయిందని గుర్తొస్తుంది. వచ్చినవాళ్లలో ఎవరు ఎక్కువ మాట్లాడుతుంటే వాళ్లని దుకాణానికి తరుముతుంది.

జూనియర్‌గా చేరిన కొత్తలో నాకు తల కొట్టేసినట్టుండేది. "నేను తెస్తా కదా అత్తయ్యా" అంటే, "నువ్వు కూర్చోవే, నీకు మంచి జిగురేదో తెలీదు" అనేది. ఒక కాలేజీ ప్రిన్సిపాల్‌ని జిగురు కోసం మూడుసార్లు తిప్పింది. మొదటిది పల్చగా ఉందంది. రెండోది కంపు కొడుతోందంది. మూడోది తెచ్చేసరికి మొదటిదే నయమంది. ఎదురు దుకాణాయన పొద్దున్నే షట్టరెత్తుతూ, "ఏమ్మా, ఇవాళ మీకేం లేదు?" అని నన్ను ఆరా తీసేవాడు.

ఓసారి ఒకమ్మాయిని వెంటబెట్టుకుని ఆమె అన్నలిద్దరు వచ్చారు. "వాణ్ణి కోర్టుకీడ్చి పదేళ్లు తిప్పాలి" అని పెద్దన్న బల్ల గుద్దాడు.

"తిప్పుదాం బాబూ. ముందు నువ్వెళ్లి ట్యాగులు పట్రా. చిన్నాయనా, నువ్వు కార్బన్ పేపరు" అంది అత్తయ్య తాపీగా.

వాళ్లటు వెళ్లగానే ఆ అమ్మాయి నోరు విప్పింది. "ఆయనా నేనూ ఎప్పుడో మాట్లాడేసుకున్నామండీ. మాకే గొడవా లేదు. కొట్లాట కావలసింది వీళ్లిద్దరికే."

ఆ దంపతులు పరస్పర అంగీకారం మీద నిమ్మళంగా విడిపోయారు. "ట్యాగులకే దిక్కులేని వకీలు" అని అన్నలు ఊరంతా చాటారు. అది విని అత్తయ్య ముసిముసిగా నవ్వుకుంది. అప్పటికీ నా బుర్రకెక్కలేదు.

పోయిన ఏడాది ఒకాయన భార్యతో వచ్చాడు. పిటిషన్ టైపు చేయించుకుని మరీ వచ్చాడు. "ఇద్దరం ఇష్టపడే విడిపోతున్నాం మేడమ్. పాప మా అమ్మ దగ్గరుంటుంది. దాఖలు చేయడమే మీ పని."

"నీ పేరేంటమ్మా?" అని అత్తయ్య ఆవిడని అడిగితే ఆయన చెప్పాడు. ఏం చదివావంటే అదీ ఆయనే చెప్పాడు. అత్తయ్య సొరుగు లాగి, మూసి, "స్టేప్లర్ పిన్నులైపోయాయి నాయనా. ఎర్ర డబ్బాలోవే తేవాలి సుమా" అంది. ఆయన నావైపు జాలిగా చూసి లేచాడు.

మెట్లమీద చప్పుడు ఆగగానే అత్తయ్య గొంతు మారిపోయింది. "ఇప్పుడు చెప్పు. నీకేం కావాలి?"

"పాప కావాలి. సంతకం పెట్టకపోతే కోర్టులో నానా మాటలూ అంటానన్నాడు. నిన్న చెయ్యి కూడా చేసుకున్నాడు."

"హడలిపోయి పెట్టే సంతకం అంగీకారమెలా అవుతుందమ్మా? హింస పెట్టాడని విడిగా కేసు వేయొచ్చు, పాప నీ దగ్గరే ఉండాలని అడగొచ్చు. కానీ ఏళ్లు పడుతుంది. నిన్ను నిలబెట్టి అడ్డమైన ప్రశ్నలూ వేస్తారు. ముందే చెప్తున్నా. ఏ దారో నువ్వే తేల్చుకో."

నాకప్పుడు వెలిగింది. "బయట కూర్చోమంటే సరిపోయేది కదా అత్తయ్యా?"

"తలుపుకి చెవి ఆనించి కూర్చుంటాడే. నేనో దద్దమ్మననుకుంటే కులాసాగా వెళ్లొస్తాడు."

ఇన్నాళ్లూ ఆవిడని మనసులో విసుక్కున్నందుకు సిగ్గేసింది.

ఆయన ఎర్ర డబ్బాతో వచ్చాడు. పెన్ను తీసి భార్య ముందు పెట్టి, "ఊఁ, కానియ్" అన్నాడు. ఆవిడ కాగితాలు ఆయనవైపు నెట్టేసింది.

"నేను పెట్టను."

"ఏంటీ?"

"సంతకం పెట్టను, పాపని వదలను. కోర్టులో మీరేమంటారో అనండి. నాకూ నోరుంది."

"లే. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"నేను మా అక్క ఇంటికి వెళ్తున్నాను. పాప పొద్దుటినుంచీ అక్కడే ఉంది."

అత్తయ్య పిన్నుల డబ్బా అందుకుంది. "ఇవి ఆవిడ పిటిషన్‌కి సరిపోతాయి. మీరు వేరే వకీలుని చూసుకోండి."

ఆయన కదలకుండా నిలబడ్డాడు. ఆవిడ కుర్చీ బల్లకి దగ్గరగా జరుపుకుని, ఆయనవైపు తల కూడా తిప్పకుండా అంది.

"నేను వకీలుగారితో మాట్లాడాలి, బయటికి వెళ్లండి. ఏమీ తేనక్కర్లేదు."